ఇసుకలో యాంకర్ ప్లేటు: ఊడివచ్చే బలాన్ని లెక్కకట్టడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

టవర్ల లాంటివి పైకి ఊడిరాకుండా పట్టి ఉంచడానికి నేలలో పాతే ప్లేటే యాంకర్ ప్లేటు. ఒక మీటరు వెడల్పు, బాగా పొడవు ఉన్న అలాంటి ఉక్కు ప్లేటు ఒకటి ఉందనుకోండి. దాన్ని పొడి ఇసుకలో నాలుగు మీటర్ల లోతున అడ్డంగా పరిచి పైకి లాగుతున్నాం. ఇసుక ఘనపు మీటరుకు 16 కిలోన్యూటన్లు తూగుతుంది. ఘర్షణ కోణం (రేణువులు ఒకదానిపై ఒకటి జారకుండా ఎంత నిరోధిస్తాయో చెప్పేది) 40 డిగ్రీలు, డైలేషన్ కోణం (దీని సంగతి కింద చెబుతాను) 10 డిగ్రీలు. ఎంత బలానికి ప్లేటు ఊడివస్తుంది?

దీన్ని చేత్తో మూడు రకాలుగా లెక్కవేశాను. మీటరు పొడవుకు ఒక లెక్కలో 279 కిలోన్యూటన్లు వచ్చింది, ఇంకో లెక్కలో 246, మూడో లెక్కలో 197. ఇసుక అదే, ప్లేటు అదే. మొదటిదానికీ మూడోదానికీ మాత్రం 40 శాతానికి పైగా తేడా. ఇసుక ఒరుసుకుంటూ కదిలేటప్పుడు ఎంత ఉబ్బుతుందన్నదానిపై ఒక్కో లెక్క ఒక్కో ఊహ చేసుకుంది. తేడా అంతా అక్కడి నుంచే వచ్చింది.

తట్టి తట్టి నింపిన బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలిపితే బియ్యం మట్టం పైకి వస్తుంది. గట్టిగా కూర్చుకున్న గింజలు కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి కదా. దట్టమైన ఇసుకలోనూ జరిగేది ఇదే. ఈ ఉబ్బుని కొలిచేదే డైలేషన్ కోణం. ప్లేటుతో పాటు ఎంత ఇసుక పైకి లేస్తుందో, ఆ ఇసుక పక్కనున్న ఇసుకని ఎంత గట్టిగా ఒరుసుకుంటుందో చాలావరకు ఈ కోణమే నిర్ణయిస్తుంది. ఎంటెక్ ప్రాజెక్టు చేసేవాళ్లూ, టవర్ పునాదులు డిజైన్ చేసేవాళ్లూ నన్ను మొదట అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?’ అని. నేను తిరిగి అడిగేది ‘మీ ఇసుక ఎంత ఉబ్బుతుందో మీ దగ్గర లెక్క ఉందా?’ అని. దానికి జవాబు దొరికాక ఎంపిక చాలా తేలికవుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీకు కావాల్సింది ఏమిటి? గరిష్ఠ బలం ఒక్కటే చాలా? ప్లేటు ఎంత కదిలితే ఎంత బలం వస్తుందో చెప్పే గ్రాఫ్ కావాలా? గరిష్ఠం దాటాక బలం ఎలా పడిపోతుందో కూడా తెలియాలా? ఈ మూడింటికీ ఒకే పద్ధతి సరిపోదు.

రెండోది, లోతు నిష్పత్తి. అంటే ప్లేటు ఉన్న లోతుని దాని వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ప్లేటు పైపైనే ఉంటే ఇసుక దిమ్మ నేల ఉపరితలం దాకా కదిలి పైకి లేస్తుంది. బాగా లోతున ఉంటే పైన నేల కదలదు, ఇసుక ప్లేటు అంచుల చుట్టూ తిరిగి కిందికి జారుతుంది. ఇలంపరుతి, డికిన్, ముత్తుకృష్ణయ్య 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో 400 మి.మీ. వ్యాసం దాకా గుండ్రటి ప్లేట్లు వాడారు. ఈ మార్పు వదులు ఇసుకలో 4.8 దగ్గర, మధ్యస్థంగా ఉన్నదాంట్లో 5.9 దగ్గర, దట్టమైనదాంట్లో 6.8 దగ్గర వస్తుందని వాళ్లు చూపించారు. మీ ప్లేటు ఈ హద్దుకి ఏ పక్కన ఉందో చూసుకోకుండా మోడల్ మొదలుపెట్టకండి.

మూడోది, ప్లేటు ఆకారం. పొడవాటి పట్టీ అయితే రెండు కొలతల మోడల్ చాలు. గుండ్రటిదైతే అక్షసమరూప మోడల్ వేయాలి. చదరమో దీర్ఘచతురస్రమో అయితే మూడు కొలతలు తప్పవు. ఒక మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి ప్లేటుని మూడు మీటర్ల లోతున పెట్టి, ఇదే ఇసుకలో సాధారణ గరాటు లెక్కతో చూస్తే 546 కిలోన్యూటన్లు వస్తుంది. అదే ప్లేటుని పట్టీగా భావించి దాని విస్తీర్ణానికి లెక్కకడితే 133 మాత్రమే. నాలుగో వంతు! గుండ్రటి ప్లేటు చుట్టూ ఇసుక గరాటులా నలువైపులా విచ్చుకుంటుంది, పట్టీకి రెండు వైపులే. మూడు కొలతల మోడల్‌కి కంప్యూటర్ తట్టుకోవడం లేదని చదరపు ప్లేటుని రెండు కొలతల్లో చేసేవాళ్లు ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకోవాలి. చదరానికైతే అదే విస్తీర్ణం ఉన్న వృత్తాన్ని వాడడం దానికన్నా చాలా నయం.

నాలుగోది, మీ చేతిలో ఉన్న ఇసుక వివరాలు. డైరెక్ట్ షియర్ (ఇసుకని అడ్డంగా జరిపి చూసే) పరీక్ష ఒక్కటే ఉందా, ట్రయాక్సియల్ (చుట్టూ ఒత్తిడి పెట్టి పైనుంచి నొక్కే) పరీక్ష ఉందా, కనిష్ఠ-గరిష్ఠ సాంద్రతలు తెలుసా? ఎనిమిది పారామీటర్లు అడిగే మోడల్‌కి ఒక్క డైరెక్ట్ షియర్ ఫలితంతో బయల్దేరితే మిగతా ఏడూ ఊహలే అవుతాయి.

లైసెన్సు, కంప్యూటర్, చేతిలో ఉన్న నెలలు ఈ నాలుగింటి తర్వాతే.

## చేతిలెక్క

దీన్ని చాలామంది లిటరేచర్ రివ్యూలో రెండు పేజీలు రాసి వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఏ మోడల్ వాడినా మొదటి గంట దీనికే ఇవ్వాలి.

ప్లేటు మీద పడే బలాన్ని వైశాల్యంతో భాగించి, దాన్ని ఆ లోతులోని ఇసుక బరువు ఒత్తిడితో భాగిస్తే వచ్చేది బ్రేకౌట్ ఫ్యాక్టర్. జారుడు తలాలు ప్లేటు అంచుల నుంచి నిలువుకి ఘర్షణ కోణమంత వాలుతో బయటికి విచ్చుకుంటాయనుకుంటే, పట్టీకి ఈ ఫ్యాక్టర్ 1 + (లోతు నిష్పత్తి × ఘర్షణ కోణం టాన్) అవుతుంది. పై ఉదాహరణలో 1 + 4 × 0.839, అంటే 4.36. దీన్ని 64 కిలోన్యూటన్లతో గుణిస్తే 279. ఘర్షణ కోణం ఎంతో డైలేషన్ కోణం కూడా అంతే అని ఒప్పుకుంటేనే ఈ సూత్రం నిలుస్తుంది. 40 డిగ్రీల మేర ఉబ్బే ఇసుక ఎక్కడా ఉండదు.

రెండో దారి డేవిస్ సవరణ. ఘర్షణ కోణాన్నీ డైలేషన్ కోణాన్నీ కలిపి ఒక తగ్గించిన ఘర్షణ కోణం తీస్తారు. 40, 10 డిగ్రీలకు అది 35.5 అవుతుంది. దాన్ని పై సూత్రంలో వేస్తే ఫ్యాక్టర్ 3.85, బలం 246.

మూడోది వైట్, చూక్, బోల్టన్ 2008లో ఇచ్చిన లెక్క. ఇక్కడ జారుడు తలాలు డైలేషన్ కోణమంత వాలుతోనే లేస్తాయి, అంటే నిలువుకి 10 డిగ్రీలు మాత్రమే. ఆ తలాల మీద పక్కఒత్తిడి లాగకముందు ఎంతుందో అంతే ఉంటుందని భావిస్తారు. కాబట్టి దీనికి కే-నాట్ విలువ, అంటే కదలని ఇసుకలో పక్కఒత్తిడికీ నిలువు ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి, కూడా కావాలి. దాన్ని 0.5గా తీసుకుంటే ఫ్యాక్టర్ 3.07, బలం 197. కే-నాట్ ఇంకా తక్కువైతే బలం ఇంకా తగ్గుతుంది. లాగుతున్నకొద్దీ ఇసుక బిగుసుకుని పక్కఒత్తిడి పెరగొచ్చన్నది ఈ లెక్కలోకి రాదు. అందుకే ఇది కాస్త జాగ్రత్త పక్షాన ఉంటుంది.

డిజైన్ ఆఫీసులో ఒక టవర్ కాలుకి ప్లేటు సైజు తేల్చాలంటే, పైపై లోతుల్లో ఈ మూడో లెక్క చాలు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ప్లేటు మీద ఉండేది గుంత తవ్వి తిరిగి పోసిన ఇసుక. బోర్‌హోల్ రిపోర్టులో ఉన్న 38 డిగ్రీలు తవ్వకముందు నేలవి. పోసిన ఇసుకని పొరపొరగా దిమ్మిస కొట్టారా, లారీ నుంచి దింపి చదును చేసి వదిలేశారా అన్నది ఏ సాఫ్ట్‌వేరుకన్నా ఎక్కువ తేడా తెస్తుంది.

## లిమిట్ అనాలిసిస్

ఇసుకని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టే ఫైనైట్ ఎలిమెంట్ మెష్ మీదే లోయర్ బౌండ్ (బలం ఇంతకు తగ్గదు), అప్పర్ బౌండ్ (ఇంతకు మించదు) లెక్కలు చేసి, అసలు జవాబు ఈ రెండింటి మధ్య ఉందని చూపించే పద్ధతి ఇది. మెరిఫీల్డ్, స్లోన్ 2006లో ఇసుకలోని ప్లేట్లకు ఈ దారిలో ఇచ్చిన ఫలితాలను ఇప్పటికీ అందరూ పోలికకు వాడుతుంటారు. మన బెంగళూరు ఐఐఎస్సీలో జ్యంత్ కుమార్, కౌజర్ 2008లో అప్పర్ బౌండ్, ఫైనైట్ ఎలిమెంట్ కలిపి చేసిన పని కూడా మంచి ఆధారం. ఆప్టమ్ జీ2 లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక కేసు నిమిషాల్లో అయిపోతుంది.

దీని గొప్పతనం ఏమిటంటే పొరపాటు ఎంత ఉండొచ్చో అదే చెబుతుంది. రెండు హద్దుల మధ్య ఐదు శాతం తేడా ఉంటే మెష్ బాగున్నట్టే. ఫైనైట్ ఎలిమెంట్ కర్వ్ చూసి ‘ఇది గరిష్ఠమా, ఇంకా పెరుగుతుందా’ అని తల పట్టుకునే టెన్షన్ ఉండదు.

అయితే ఈ సిద్ధాంతం నిలబడేది డైలేషన్ కోణం ఘర్షణ కోణంతో సమానమైనప్పుడే. పైన 279 ఇచ్చిన ఊహే ఇది. కాబట్టి నేరుగా 40 డిగ్రీలు పెట్టకుండా డేవిస్ సవరణ చేసిన కోణం పెట్టండి. వాలుగా పెట్టిన ప్లేటు, పక్కపక్కనే రెండు ప్లేట్లు, కింద గట్టి పొర, పైన వాలు నేల వంటి కేసులు వందల కొద్దీ తిప్పి చార్టులు గీయాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. ప్లేటు ఎంత కదిలిందన్నది మాత్రం ఇందులో రాదు.

## మోర్-కూలంబ్‌తో ఫైనైట్ ఎలిమెంట్

మోర్-కూలంబ్ అంటే ఘర్షణ కోణం లాంటి కొద్దిపాటి స్థిర విలువలతో ఇసుక బలాన్ని చెప్పే సాదా మోడల్. ఎక్కువమంది చివరికి వచ్చి చేరేది ఇక్కడికే, ప్లాక్సిస్, అబాకస్ లాంటి సాఫ్ట్‌వేర్లకే. దారి తప్పేదీ ఎక్కువగా ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నా మొదటి మోడల్ సంగతి చెబుతాను. ల్యాబ్‌లో గాజు పెట్టె ఉండేది. 50 మి.మీ. వెడల్పు పట్టీని 200 మి.మీ. లోతున పెట్టి, మధ్యమధ్య రంగు కలిపిన ఇసుక పొరలు పరిచి లాగేవాళ్లం. అదే కేసుని కంప్యూటర్‌లో పెట్టాను. డైలేషన్ 10 డిగ్రీలు ఇస్తే రన్ మధ్యలో ఆగిపోయేది. విసిగిపోయి 40 పెట్టాను. కర్వ్ నున్నగా వచ్చింది, సంబరపడి ప్రింటు తీసుకెళ్లాను. మా గైడ్ గారు కర్వ్ చూడనేలేదు. ‘పైన నేల ఎంత వెడల్పున ఉబ్బింది?’ అని అడిగారు. మోడల్‌లో ఉబ్బు దాదాపు 385 మి.మీ. వెడల్పున పరుచుకుంది. గాజు పెట్టెలో రంగు పొరలు వంగింది జానెడు వెడల్పు కూడా లేదు. అప్పటి నుంచి ఏ మోడల్ ఫలితం చూసినా ముందు ఉపరితలం ఉబ్బు వెడల్పే చూస్తాను. దానికి చేతిలెక్క సులువు: ప్లేటు వెడల్పుకి, లోతు × డైలేషన్ కోణం టాన్‌ని రెండుసార్లు కలపండి. నాలుగు మీటర్ల ఉదాహరణలో 40 డిగ్రీలకు 7.7 మీటర్లు, 10 డిగ్రీలకు 2.4 మీటర్లు. కర్వ్ చూస్తే తెలియని తప్పు ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

డైలేషన్ విలువ ఎక్కడి నుంచి తేవాలి? పరీక్ష లేకపోతే బోల్టన్ 1986లో ఇచ్చిన సంబంధం ఉంది. గరిష్ఠ ఘర్షణ కోణంలోంచి క్రిటికల్ స్టేట్ కోణం (ఉబ్బడం ఆగిపోయాక మిగిలే ఘర్షణ కోణం) తీసేస్తే వచ్చేది డైలేషన్ కోణానికి 0.8 రెట్లు. క్రిటికల్ కోణం 32, గరిష్ఠం 40 అయితే డైలేషన్ 10. పై ఉదాహరణలో 10 ఇలా వచ్చిందే. ఇంకో సంగతి: ఒత్తిడి తగ్గేకొద్దీ ఇసుక ఎక్కువ ఉబ్బుతుంది. జానెడు లోతున్న ల్యాబ్ పెట్టెలోని ఇసుకకీ, నాలుగు మీటర్ల కింద ఉన్న అదే సాంద్రత ఇసుకకీ ఒకే కోణాలు పెట్టకూడదు. ల్యాబ్ ఫలితాన్ని అలాగే పెద్ద ప్లేటుకి పెంచేస్తే మోసపోతాం. డికిన్ 1988లో సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పి ఇసుక బరువుని ఎన్నో రెట్లు చేసే యంత్రంలో) ప్లేట్లు పరీక్షించింది సరిగ్గా ఈ ఒత్తిడి సమస్యను దాటడానికే.

కంటికి కనిపించని రెండో తప్పు కొహీషన్, అంటే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండే బలం. ఇసుకకి కొహీషన్ సున్నా. కానీ సున్నా పెడితే లెక్క కుదరదని చాలామంది 1 కిలోపాస్కల్ పెడతారు, ట్యుటోరియల్స్‌లోనూ అలాగే చెబుతారు. ఒక మీటరు ప్లేటుకి ఇది ఫ్యాక్టర్‌లో 0.125 కలుపుతుంది. 4.36లో అది మూడు శాతం కూడా కాదు. అదే 50 మి.మీ. ప్లేటుకి కలిపేది 2.5! 4.36 కాస్తా 6.86 అవుతుంది, అంటే 57 శాతం ఎక్కువ. 200 మి.మీ. లోతులో ఇసుక ఒత్తిడే 3.2 కిలోపాస్కల్. అక్కడ ఒక కిలోపాస్కల్ కొహీషన్ అంటే ఇసుకలో సిమెంటు కలిపినట్టు. ల్యాబ్ సైజు మోడల్ చేసేవాళ్లు దీన్ని 0.01 దగ్గరికి దించి, ఫలితం మారలేదని చూపించాలి.

మూడోది ప్లేటు అడుగు భాగం. పొడి ఇసుకలో ప్లేటు లేవగానే కింద ఖాళీ ఏర్పడాలి. అక్కడ ఇంటర్‌ఫేస్ (ప్లేటూ ఇసుకా విడిపోగలిగే హద్దు) పెట్టి, తన్యత సున్నా చేయకపోతే కింద ఇసుక ప్లేటుకి అతుక్కుని వెనక్కి లాగుతుంది, బలం ఎక్కువ చూపిస్తుంది. నీట మునిగిన ఇసుకలో గబుక్కున లాగితే నిజంగానే కింద చూషణం పుడుతుంది. దానికి నీటి ఒత్తిడిని కూడా కలిపి చేసే లెక్క వేరే ఉంది, పొడి ఇసుక మోడల్‌తో సరిపెట్టకండి.

ఇక రన్ మధ్యలో ఆగిపోవడం. రెండు కోణాల మధ్య తేడా పెద్దదైతే ఇది మామూలే. బలం గరిష్ఠం దగ్గర పైకీ కిందికీ ఊగుతుంది, మెష్ మారిస్తే జవాబు కూడా కాస్త మారుతుంది. మెష్ మూడు సైజుల్లో తప్పనిసరిగా చేయాలి. ప్రతి అడుగులో సమతుల్యం వెతికే ఇంప్లిసిట్ లెక్కలో కుదరకపోతే, చిన్న చిన్న కాలపు అడుగులతో సాగే ఎక్స్‌ప్లిసిట్‌లో చాలా నెమ్మదిగా లాగండి. డైలేషన్ పెంచి కర్వ్ నున్నగా చేసుకోవడం మాత్రం పరిష్కారం కాదు. నేను చేసింది అదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లోతైన ప్లేట్లకు మోర్-కూలంబ్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. డైలేషన్ విలువ స్థిరంగా ఉంటే ఇసుక ఉబ్బుతూనే ఉంటుంది. చుట్టూ ఇసుక బిగించి ఉంటే ఆ ఉబ్బుకి చోటు లేక ఒత్తిడి పెరుగుతూ పోతుంది, కర్వ్‌కి గరిష్ఠమే రాదు. నిజం ఇసుక కొంత కదిలాక ఉబ్బడం ఆపేస్తుంది. రో, డేవిస్ 1982లోనే ఫైనైట్ ఎలిమెంట్‌తో చూసి, అడ్డంగా పెట్టిన ప్లేట్ల బలం మీద డైలేటన్సీ (ఇసుక ఉబ్బే గుణం) ప్రభావం ఎక్కువని, ప్లేటు గరుకుదనం ప్రభావం తక్కువని చెప్పారు. నలభై ఏళ్లు దాటినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ పేపరే మొదట ఇస్తాను.

## మెత్తబడే మోడళ్లు, అధునాతన మోడళ్లు

దట్టమైన ఇసుకలో జారుడు తలం మొత్తం ఒకేసారి గరిష్ఠ బలం చేరదు. ప్లేటు అంచు దగ్గర ఇసుక గరిష్ఠం దాటి మెత్తబడేసరికి పైన ఇంకా గరిష్ఠం చేరి ఉండదు. అందుకని అంతటా 40 డిగ్రీలు పెట్టిన లెక్క ఎక్కువ చూపిస్తుంది. ప్లేటు పెద్దదైన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. సకాయ్, తనాకా 1998లో గుండ్రటి ప్లేట్లకు ఈ సైజు ప్రభావాన్ని షియర్ బ్యాండ్ (జారుడు జరిగే సన్నటి పొర) మందాన్ని కలిపిన మోడల్‌తో వివరించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కోణాలు ప్లాస్టిక్ స్ట్రెయిన్‌తో తగ్గేలా చేస్తే షియర్ బ్యాండ్ మెష్‌లో ఒక్క ఎలిమెంట్ వెడల్పుకి కుంచించుకుపోతుంది. మెష్ సన్నం చేస్తే బలం ఇంకా పడిపోతుంది. నిజం ఇసుకలో బ్యాండ్ మందం రేణువు సైజుకి సుమారు పది రెట్లు. 0.3 మి.మీ. ఇసుకలో మూడు మి.మీ. మీ ఎలిమెంట్ 100 మి.మీ. ఉంటే మెత్తబడే వేగాన్ని ఆ నిష్పత్తిలో సవరించాలి. ఈ సవరణ లేకుండా మెత్తబడే మోడల్ వాడడం కన్నా సాదా మోర్-కూలంబ్ నయం.

ప్లాక్సిస్‌లో హార్డెనింగ్ సాయిల్ మోడల్ ఎంచుకుని ‘మెత్తబడడం కూడా వచ్చేసింది’ అనుకునేవాళ్లను చూశాను. రాదు. డైలేటన్సీ కట్-ఆఫ్ పెడితే ఉబ్బు ఆగుతుంది కానీ ఘర్షణ కోణం అలాగే ఉంటుంది. గరిష్ఠానికి ముందు కదలికలు దీనితో బాగా వస్తాయి. ఆ పని వరకు ఇది నాకు నచ్చిన మోడల్.

హైపోప్లాస్టిక్, నార్‌శాండ్, శానిశాండ్ లాంటివి సాంద్రతనూ ఒత్తిడినీ తమంతట తామే పట్టించుకుంటాయి. ఒకే పారామీటర్ల సెట్టుతో వదులు ఇసుకా దట్టమైన ఇసుకా రెండూ చేయొచ్చు, లోతుకో డైలేషన్ కోణం వెతుక్కోనక్కర్లేదు. వోల్ఫర్స్‌డార్ఫ్ 1996 హైపోప్లాస్టిక్ మోడల్‌కి ఎనిమిది పారామీటర్లు. టొయోరా లాంటి పేరున్న ఇసుకలకు అచ్చయిన విలువలు దొరుకుతాయి. ఎన్నూరు ఇసుకో మీ ఊరి ఏటి ఇసుకో అయితే మీరే ట్రయాక్సియల్ పరీక్షలు చేసి తీయాలి. దానికే ఒక సెమిస్టర్ పడుతుంది. ఆ సమయం ఉంటే ఇది చాలా విలువైన దారి.

## డెమ్: రేణువు రేణువుగా

డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతిలో డైలేషన్ కోణం ఇవ్వనక్కర్లేదు, రేణువులే ఒకదానిపై ఒకటి ఎక్కి ఉబ్బుతాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. యాడె, లిగ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం కూడా.

ఒకసారి లెక్క చూడండి. 0.3 మి.మీ. రేణువులైతే ఒక ఘనపు మీటరు ఇసుకలో సుమారు 4,200 కోట్ల రేణువులు. 50 మి.మీ. ప్లేటుకి 400 × 400 × 300 మి.మీ. చిన్న పెట్టె తీసుకున్నా 200 కోట్లు. ఏ ల్యాబ్ కంప్యూటరూ మోయదు. అందుకని రేణువు వ్యాసాన్ని పదింతలు పెంచి 3 మి.మీ. చేస్తారు, రేణువులు 20 లక్షలకు దిగుతాయి. ఇప్పుడు షియర్ బ్యాండ్ మందం 30 మి.మీ., ప్లేటు వెడల్పు 50. ప్లేటు వెడల్పులో సగానికి పైగా లావున్న షియర్ బ్యాండ్! అది ఇసుకలో ప్లేటు కాదు, కంకరలో ప్లేటు. పేపర్లలో బ్రహ్మాండంగా కనిపించే బొమ్మల వెనక ఈ సంగతి ఉంటుంది. దీన్ని దాచకుండా, రేణువు సైజుని మూడు నాలుగు రకాలుగా మార్చి బలం ఎలా మారిందో చూపిస్తే మాత్రం అది గట్టి పరిశోధన.

నున్నటి గోళాలు నిజం ఇసుకకన్నా సులువుగా దొర్లుతాయి, కాబట్టి దొర్లుడు నిరోధం తప్పకుండా పెట్టాలి. లాగే వేగాన్ని సగానికి తగ్గించి బలం మారలేదని చూడాలి. లోపల బలాల గొలుసులు ఎలా ఏర్పడతాయి, ప్లేటు అంచున రేణువులు కిందికి ఎలా జారతాయి అన్న ప్రశ్నలకు డెమ్‌ని మించింది లేదు. టవర్ పునాదికి బలం ఎంత అన్న ప్రశ్నకు డెమ్ వద్దు.

## పెద్ద కదలికలకు

ప్లేటు తన వెడల్పంత పైకి వచ్చేదాకా చూడాలంటే మామూలు మెష్ నలిగిపోతుంది. అప్పుడు మెటీరియల్ పాయింట్ పద్ధతి (ఎంపీఎం), లేదా అబాకస్‌లో సీఈఎల్ (ఇసుక మెష్‌తో పాటు వంగకుండా దానిలోంచి ప్రవహించేలా చేసే పద్ధతి). ఎంపీఎంకి అనూరా3డీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. సముద్రంలో తేలే కట్టడాల యాంకర్లు, లోతైన ప్లేట్లు చేసేవాళ్లకు ఇది కావాలి. దట్టమైన ఇసుకలో పైపై ప్లేటు గరిష్ఠ బలం మాత్రం లోతులో కొద్ది శాతం కదలికకే వచ్చేస్తుంది. దానికి ఇంత శ్రమ అక్కర్లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | గరిష్ఠ బలం | కదలిక గ్రాఫ్ | గరిష్ఠం తర్వాత | లోతైన ప్లేటు | కావాల్సిన వివరాలు | పట్టే సమయం |
|---|---|---|---|---|---|---|
| చేతిలెక్క | బాగుంటుంది | రాదు | రాదు | పనికిరాదు | రెండు కోణాలు, కే-నాట్ | గంట |
| లిమిట్ అనాలిసిస్ | రెండు హద్దులతో | రాదు | రాదు | జాగ్రత్తగా | సవరించిన కోణం | కొన్ని రోజులు |
| మోర్-కూలంబ్ | బాగుంటుంది | ఓ మోస్తరు | రాదు | ఎక్కువ చూపిస్తుంది | ఐదు పారామీటర్లు | కొన్ని వారాలు |
| హార్డెనింగ్ సాయిల్ | బాగుంటుంది | చాలా బాగుంటుంది | రాదు | ఓ మోస్తరు | ట్రయాక్సియల్ | నెల పైన |
| హైపోప్లాస్టిక్ వగైరా | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | మెష్ సవరణతో | బాగుంటుంది | ఎనిమిదో, ఇంకా ఎక్కువో | ఒక సెమిస్టర్ పైన |
| డెమ్ | రేణువు సైజుని బట్టి | వస్తుంది | వస్తుంది | వస్తుంది | రేణువు స్థాయి క్యాలిబ్రేషన్ | చాలా నెలలు |
| ఎంపీఎం, సీఈఎల్ | మోడల్‌ని బట్టి | వస్తుంది | వస్తుంది | బాగా సరిపోతుంది | పైవాటిలో ఏదో ఒకటి | చాలా నెలలు |

సమయాలు ఒక మనిషి కొత్తగా నేర్చుకుంటూ చేస్తే పట్టేవి, నేను చూసినంతలో.

## ఎవరికి ఏది

ఎంటెక్ విద్యార్థికి, చేతిలో ఆరేడు నెలలు ఉంటే: చేతిలెక్క, దాని పక్కనే డేవిస్ సవరణతో లిమిట్ అనాలిసిస్, ఆపైన మోర్-కూలంబ్. మూడూ ఒకే ఇసుకకి, ఒకే ప్లేటుకి చేయండి. డైలేషన్ కోణాన్ని 0 నుంచి 15 దాకా మారుస్తూ మూడింటి జవాబులు ఒకే గ్రాఫ్‌లో పెట్టండి. జియోగ్రిడ్లు, రెండు పొరలు, నాలుగు ఆకారాలు అంటూ పారామెట్రిక్ స్టడీ పెంచుకుంటూ పోయేకన్నా ఈ ఒక్క గ్రాఫ్ గట్టిది. వైవాలో ఏ ప్రశ్న వచ్చినా దీని నుంచే జవాబు చెప్పొచ్చు.

డిజైన్ ఇంజనీరుకి: పైపై ప్లేటు అయితే వైట్ లెక్క, పోసిన ఇసుక కోణాలతో. కదలిక హద్దు ఉన్న కట్టడమైతే హార్డెనింగ్ సాయిల్. మోడల్ చేతిలెక్కకన్నా ఎక్కువ చూపిస్తే, ఆ అదనపు బలం ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా చేతిలెక్కనే నమ్మండి. ఒక్క ప్లేటుకైనా సైట్‌లో లాగి చూసే పరీక్ష పెట్టించగలిగితే అది వీటన్నిటికన్నా మేలు.

పీహెచ్‌డీకి: ఇక్కడ ఎంపిక మీ ప్రశ్న మీద ఆధారపడుతుంది. సైజు ప్రభావం మీద పనిచేస్తుంటే మెత్తబడే మోడల్, షియర్ బ్యాండ్ మందంతో సహా. పదేపదే లాగి వదిలే అలల బలాల మీద అయితే శానిశాండ్ వైపు చూడండి. లోతైన ప్లేటు చుట్టూ ఇసుక ప్రవాహం మీద అయితే డెమ్, ఎంపీఎం రెండూ పక్కపక్కన. కోడ్ రాయడం మీద ఇష్టం లేకపోతే డెమ్ జోలికి వెళ్లకండి, మూడో ఏడాదిలో చాలా కష్టమవుతుంది.

ఏది ఎంచుకున్నా మొదటి రన్‌లో డైలేషన్, ఘర్షణ కోణం రెండూ 40 పెట్టి పైపై పట్టీని ఒకసారి లాగి చూడండి. లోతు నిష్పత్తి 4కి 4.36 దరిదాపుల్లో రావాలి. అంతకన్నా బాగా ఎక్కువ వస్తే మీ మెష్‌లోనో, పక్క గోడలు దగ్గరగా ఉండడంలోనో, మర్చిపోయిన ఆ ఒక కిలోపాస్కల్‌లోనో తప్పుంది. అది దొరికాక డైలేషన్‌ని 10కి దించండి. పైన నేల ఎంత వెడల్పున ఉబ్బిందో అప్పుడు కొలవండి.